చందనం పెట్టిన కంప్యూటర్

సుందరరాజన్ బస్సు స్టాపులో నిలబడి ఉండగా చూసినవాళ్లు లేరు. కోయంబత్తూరు గాంధీపురంలో ఒక బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కాల్సి వస్తే, అది వచ్చేలోగా తర్వాతి స్టాపుకు నడిచిపోతాడు. అక్కడా రాకపోతే ఆ పై స్టాపుకు. చాలాసార్లు ఆ బస్సు ఆయన పక్కనుంచే దాటిపోతుంది. ఇల్లు చేరేసరికి చొక్కా ఒంటికి అతుక్కుని ఉంటుంది.

"బస్సు కోసం నిలబడితే బస్సు పని అయితాది, నా పని కాదు గదా" అంటాడు అడిగినవాళ్లతో.

ఆయన భార్య పంకజవల్లి అన్నం పెట్టి కూర తెచ్చేలోగా ఆయన సగం అన్నం ఉత్తదే తినేసి ఉంటాడు. టీవీలో వార్తలు చదివే మనిషికి కూడా తొందర నేర్పాలని చూస్తాడు: "ఊఁ, సరి, చెప్పు, తరువాత?" పెళ్లి చూపులప్పుడు కూడా ఆయన కూర్చోలేదనీ, వాకిట్లో వదులైన తలుపు గడియ కనిపిస్తే దాన్ని బిగిస్తూ ఉండిపోయాడనీ, తాను మొదట చూసింది ఆయన వీపునే అనీ పంకజవల్లి ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

ఆ తొందరంతా ఒక్క చోట మాత్రం పనికి వస్తుంది. చేతిలో ఉలి ఉన్నప్పుడు అది చేతిలోకి దిగిపోతుంది. ఆయనది తమిళనాట స్థిరపడ్డ తెలుగు ఇల్లు, అదే ఊరి గణపతి పేటలో పాటర్న్ షాపు. పంపుసెట్లకు కావలసిన ఇనుప భాగాలను ఫౌండ్రీల్లో పోతపోస్తారు. పోతకు ముందు ఆ భాగం ఆకారంలోనే ఒక కొయ్య అచ్చు కావాలి. దాని చుట్టూ ఇసుక దట్టించి, కొయ్యను బయటికి లాగి, మిగిలిన బోలులో కరిగిన ఇనుము పోస్తారు. ఆ కొయ్య అచ్చునే ఇక్కడ పాటర్న్ అంటారు. ఇనుము చల్లారితే కుదించుకుంటుంది కనుక కొయ్యను కావలసిన దానికంటే కాస్త పెద్దగా చెక్కాలి. ఆ కాస్త ఎంతో సుందరరాజన్ బొటనవేలికి తెలుసు. కొయ్య అంచు మీద వేలు జరిపి "ఇంకొంచెం" అంటాడు. పక్క బల్ల దగ్గర పనిచేసే పెరియసామి, ఆయన కంటే వయసులో పెద్ద, "ఆమా, ఇంకొంచెం" అని ఒప్పుకుంటాడు. షాపు ఇన్నేళ్లూ ఆ రెండు మాటల మీద నడిచింది.

ఇప్పుడు నడవడం లేదు. ఫౌండ్రీలు కొయ్య కంటే ముందు కంప్యూటర్లో బొమ్మ అడుగుతున్నాయి. భాగాన్ని తెర మీద తిప్పి చూపించాలి, మధ్యకు కోసి లోపల గోడ మందం చూపించాలి, ఆ తర్వాతే కొయ్య. కొడుకు ఈశ్వరన్‌కు కొయ్య పొడి పడదు, తుమ్ములు. అతను స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టు ఉద్యోగానికి పోతాడు. షాపు ముందు గదిలో కంప్యూటర్ పెట్టింది కోడలు మధుమిత. పెరియకుళం మామిడి తోటల వాళ్లమ్మాయి, కాలేజీలో మెషిన్ డ్రాయింగ్ చదువుకుంది. కొయ్య షాపులో కంప్యూటరేమిటని మామ రెండు రోజులు గొణిగి, మూడో రోజు దానికి తానే టేకు బల్ల చేసి ఇచ్చాడు.

ఈ సంవత్సరం విజయదశమి దాటిన మర్నాడు పొద్దున మధుమిత పుట్టింటి నుంచి తిరిగి వచ్చింది. పండుగ రోజుల్లో అమ్మగారింట్లో ఉండి, వేకువనే బస్సెక్కి, గాంధీపురంలో టౌన్ బస్సు మారి, సంచీ కూడా లోపల పెట్టకుండా నేరుగా షాపులోకి వచ్చింది. ఎందుకంటే ఆ రోజు పదకొండుకు ప్రభాకరన్ వస్తానన్నాడు. ప్రభాకరన్ ఫౌండ్రీ మేనేజర్. షాపుకు సగం పని ఆ ఫౌండ్రీ నుంచే వస్తుంది. కొత్త పంపు బాడీకి మధుమిత గీసిన బొమ్మను చూసి, నచ్చితే ఇకపై పని ఇక్కడికే, లేకపోతే వచ్చే నెల నుంచి ఇంకో షాపుకు. ఆ మాట ఫోనులో మెత్తగానే చెప్పాడు. మెత్తగా చెప్పాడు కనుకనే సుందరరాజన్‌కు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

"వచ్చినావా కణ్ణు! తెరువు, సీక్రం తెరువు" అన్నాడు కోడలు గడప దాటకముందే.

గదిలో మల్లెపూల వాసన, దానితో పాటు ఏదో వేడెక్కిన వాసన. బల్ల కింద కంప్యూటర్ పెట్టె హోరుమంటోంది, లోపల చిన్న రైసు మిల్లు నడుస్తున్నట్టు. ఆయుధ పూజ నాడు దానికి పట్టు అంచు గుడ్డ చుట్టారు, మెడలో వేసినట్టు మల్లెల దండ వేశారు, ఒళ్లంతా చందనం పూసి కుంకుమ బొట్లు పెట్టారు. దండ ఇప్పుడు గోధుమరంగుకు వాడిపోయి ఉంది.

"ఇది ఎప్పటినుంచి నడుస్తా ఉండాది మామా?"

"విజయదశమి నాడు నల్ల నేరం చూసి, మంచి గడియలో పెట్టినాం. ఆపలే."

మధుమిత కుర్చీలో కూర్చుని బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ గుర్తు మీద రెండుసార్లు నొక్కింది. ఆ సాఫ్ట్‌వేర్ నేరుగా తెరుచుకోదు. ముందు లాంచర్ అనే చిన్న కిటికీ రావాలి. అది లైసెన్సు చూసుకుని, కొత్త మార్పులేమైనా ఉంటే దించుకుని, ఆ తర్వాత అసలుదాన్ని లేపుతుంది. తెర మీద నీలం వలయం కాసేపు తిరిగింది. పోయింది. కిటికీ రాలేదు.

"మళ్లా నొక్కు" అన్నాడు వెనక నిలబడ్డ మామ.

"ఉండుండి మామా."

"ఉంటాను. నువ్వు నొక్కు."

మళ్లీ నొక్కింది. మళ్లీ వలయం, మళ్లీ ఏమీ లేదు. మౌస్ బాణం కూడా జిగురులో నడిచినట్టు నడుస్తోంది. బ్రౌజర్ తెరిచి ఉంటే మూసింది. వైరస్ వెతికే ప్రోగ్రాం ఏమైనా నడుస్తోందా అని చూసింది, లేదు. సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ హెల్ప్‌లైనుకు ఫోన్ చేద్దామని సెల్లు తీసుకుని, లోపల సిగ్నల్ సరిగా ఉండదు కనుక వాకిట్లోకి వెళ్లింది. అవతల పాట వినిపించింది, తర్వాత వేచి ఉండమన్న గొంతు, మళ్లీ అదే పాట.

తిరిగి వచ్చేసరికి ఆమె కుర్చీలో మామ కూర్చుని ఉన్నాడు. ఉలికి చుట్టుకుపోయే ఆ మోటు వేళ్లు మౌస్ మీద టకటకమని కొట్టుకుంటున్నాయి.

"మామా! ఏం చేస్తా ఉండారు?"

"నొక్కతా ఉండా. ఒకసారికి కాకపోతే పదిసార్లకు అయితాది. మేకు దిగకపోతే ఏం చేస్తాం, కొడతాం గదా?"

"ఇది మేకు కాదు మామా."

"అయితే ఏంది?"

ఆమె ఆయన చేతి కింది నుంచి మౌస్ లాక్కుంది. ఆయన లేచి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడవడం మొదలుపెట్టాడు. గోడ గడియారం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒకసారి తలెత్తి చూస్తాడు. బల్ల దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒకసారి వంగి చూస్తాడు. కొయ్య గదిలోంచి పెరియసామి రంపం చప్పుడు వచ్చింది, ఆగింది. ఆయన కూడా వింటున్నట్టున్నాడు.

"ఆపి మళ్లా పెడతా మామా. అంతా ఒకసారి తుడిచినట్టు అయితాది."

సుందరరాజన్ నడక ఆపేశాడు.

"ఆపకూడదు."

"ఏంటికి?"

"విజయదశమికి పెట్టిన మెషిను. మొదటి పని ముగిసేదాకా ఆపకూడదు."

ఆ మాటలో వాదనకు చోటు లేదని మధుమితకు తెలుసు. ఆ కథ ఇంట్లో అందరికీ తెలిసిందే. సుందరరాజన్ కుర్రతనంలో మేనమామ షాపులో పని నేర్చుకునే రోజుల్లో, ఒక విజయదశమి నాడు లేతు మీద మొదటి ముక్క తిరుగుతుండగా కరెంటు పోయింది. ముక్క సగంలో నిలిచిపోయింది. సంక్రాంతితో మొదలయ్యే తై నెల రాకముందే ఆ షాపు మూతపడింది. కరెంటు వల్ల కాదు, మేనమామ ఒంట్లో బాగులేక. కానీ సుందరరాజన్ మనసులో ఆ రెండూ ఒకటిగా అతుక్కుపోయాయి. అప్పటినుంచి ఆయన షాపులో విజయదశమి నాడు మొదలుపెట్టిన ముక్క ముగిసేదాకా లేతు ఆగదు. కరెంటు పోతే చేత్తో తిప్పుతారు.

"దీన్ని చేత్తో తిప్పలేం మామా" అంది మధుమిత నీరసంగా.

"అదే చెప్తా ఉండా. ఆపొద్దు. వేరే దారి చూడు."

వేరే దారి. మధుమిత ఊపిరి పీల్చుకుని టాస్క్ మేనేజర్ తెరిచింది. లోపల ఏ ప్రోగ్రాం ఎంత తింటోందో చూపించే పట్టిక అది. అది రావడానికే చాలాసేపు పట్టింది. సుందరరాజన్ ఆలోగా వాకిట్లోకి పోయి వీధి చివరిదాకా చూసి వచ్చాడు. ప్రభాకరన్ బండి ఇంకా రాలేదు.

పట్టిక తెరుచుకుంది. ప్రాసెసర్ నూటికి నూరు. మెమరీ నిండు కుండ. మధుమిత కళ్లు కిందికి జరిగాయి. లాంచర్ పేరు. దాని కింద మళ్లీ అదే పేరు. దాని కింద కూడా అదే. ఒక్కటి ఉండాల్సిన చోట వరసగా అవే, జరిపేకొద్దీ అవే. ఒక్కటీ తెర మీదికి రాలేదు, కానీ లోపల అన్నీ బతికే ఉన్నాయి, తలా కొంచెం తింటూ.

"మామా, మీరిప్పుడు ఎన్నిసార్లు నొక్కినారు?"

"నాలుగైదు ఉంటాది."

"ఇవి అట్లా లేవు. చాలా ఉండాయి."

"నన్నే అంటావు. ఇంకెవరు నొక్కతారు?"

అప్పుడే పంకజవల్లి కోడలికి కాఫీ తెచ్చింది. తెర వైపు చూసి, అర్థం కాకపోయినా, భర్తను పిలిచి మాట అందుకుంది.

"ఏనుంగ, నిన్న అందరం నొక్కితిమి గదా?"

మధుమిత అత్త వైపు తిరిగింది.

"అందరూ అంటే ఎవరత్తా?"

"అందరూ అంటే అందరూ. పెద్ద చెయ్యి ముందుండాలని పెరియసామి అన్న మొదట. పిమ్మట మీ మామ. పిమ్మట నేను, ఈశ్వరన్. పిమ్మట పక్కింటివాళ్లు. పూలు ఇయ్య వచ్చిన వళ్లి పోతా ఉంటే పిలిచి, నువ్వూ ఒక చెయ్యి పెట్టు అనె మీ మామ."

ఆయుధ పూజ నాడు పనిముట్లకు సెలవు. మర్నాడు విజయదశమికి నల్ల నేరం, అంటే మంచి గడియ, చూసి ప్రతి పనిముట్టునూ ఒకసారి కదిలించాలి. రంపంతో ఒక కోత, ఉలితో ఒక పెచ్చు. షాపు వాళ్లే కాదు, ఇంటివాళ్లు, ఆ వేళకు వాకిట్లో ఉన్నవాళ్లు కూడా తలా ఒక చెయ్యి వేస్తే ఆ సంవత్సరమంతా పని తెగకుండా వస్తుందని ఆ పేటలో నమ్మకం. రంపానికీ ఉలికీ ఎన్ని చేతులు పడ్డా ఏమీ కాదు. ఈ సంవత్సరం మొదటిసారి ఆ చేతులన్నీ వరసకట్టి మౌస్ మీద పడ్డాయి.

"నొక్కినాక ఏమైనా తెరుచుకునిందా?"

"ఏమీ రాలే. చక్రం ఒకటి తిరిగె, పోయె. రాకపోతే పోనీ, చెయ్యి పెట్టినాం గదా, తరువాత ఎవరు రండి, అనె ఈయన."

మధుమిత నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, గడియారం చూసి, నవ్వు ఆపేసింది. సుందరరాజన్ ముఖం మాత్రం పాలిపోయింది.

"నేను చెడగొట్టినానా?"

"లేదు మామా. వినుండి. గాంధీపురంలో బస్సు తలుపు దగ్గర అందరూ ఒకేసారి కాలు పెడితే ఎవరైనా ఎక్కుతారా?"

"ఎక్కరు. అందుకే గదా నేను నడిచి పోయేది."

"అట్లనే ఇది. మీరు పెట్టిన దినం కొత్త మార్పు ఒకటి దిగాల్సి ఉన్నింది. మొదటిది దాన్ని దించుకోవాలని నిలబడె. అది ముగిసేలోగా రెండోది వచ్చి అదే కావాలనె. పిమ్మట వళ్లిది. పిమ్మట ఇవాళ మనిద్దరివీ. అన్నీ తలుపు దగ్గరే నిలబడి ఒకదాన్నొకటి తోసుకుంటా ఉండాయి."

"సరి. అన్నింటినీ తరిమేయి."

ఆమె చెయ్యి మౌస్ మీదికి పోయేలోగా ఆయనే మళ్లీ "ఉండు, ఉండు" అన్నాడు. "మొదటిది ఉంచు."

"ఏంటికి?"

"అది పెరియసామిది. నల్ల నేరంలో పెద్ద చేత్తో మొదలైనది. అదే ముగించాల."

అన్నీ తీసేసి కొత్తగా ఒకటి తెరవడమే సులువు. అది చెప్పబోయి మధుమిత ఆయన వైపు చూసింది. చేతులు రెండూ ఒకదానిలో ఒకటి బిగించి నిలబడి ఉన్నాడు, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. ఆమె పట్టికలో ఇంకో వరస తెరిచింది. ఒక్కోటి ఇప్పటిదాకా ప్రాసెసర్‌ను ఎంతసేపు వాడుకుందో అక్కడ ఉంటుంది. అందరికంటే ఎక్కువ వాడుకున్నదే అందరికంటే పాతది అయ్యుండాలి. దాన్ని వదిలిపెట్టి మిగిలినవాటిని అడుగు నుంచి ఒక్కొక్కటే ముగించసాగింది.

"ఇది మీది మామా, ఇవాళ్టిది. పోయె. ఇదీ మీదే. ఇదీ."

"నావి అన్నీ తీసేయి. పరవాలేదు."

ఒక్కోటి పోయేకొద్దీ మెమరీ దిగుతోంది. కానీ హోరు తగ్గలేదు. మధుమిత వంగి పెట్టె మీద చెయ్యి వేసి వెంటనే తీసేసింది. పట్టు గుడ్డ విప్పింది. దండ తీసింది. వెనకవైపు గాలి పోయే జల్లెడ రంధ్రాలన్నీ చందనంతో పూడిపోయి, ఎండి, పెచ్చు కట్టాయి. ఒక మల్లె మొగ్గ ఫ్యాను రెక్కల దగ్గర ఇరుక్కుని ఉంది.

"ఊపిరాడకుండా చందనం పెట్టినారు గదా మామా! వేడెక్కితే అది తానే వేగం తగ్గించుకుంటాది, కాలిపోకుండా."

"ముఖానికి పెట్టినాం. వీపుకు ఎవరు పెట్టమనిరి?"

"మీరే" అంది పంకజవల్లి. "ఒక పక్క పెట్టి ఒక పక్క విడిస్తే బాగుండదు అంటిరి."

మధుమిత పెట్టె పక్క పలకను మెల్లగా జరిపి తీసింది. పెన్సిల్ కొసతో మొగ్గను బయటికి లాగింది. పొడి బ్రష్షుతో రంధ్రాలు తుడుస్తుంటే, సుందరరాజన్ పైన వేలాడుతూ "నేను తుడుస్తా, ఇటీ, గట్టిగా రుద్దాల" అని చెయ్యి చాచాడు. ఆ చెయ్యి లోపలికి పోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఈ మనిషికి ఇప్పుడే ఏదో ఒక పని ఇవ్వాలి.

కొయ్య గదిలోని టేబుల్ ఫ్యాను తెప్పించి ఆయన చేతుల్లో పెట్టింది.

"మామా, ఇట్లా నేల మీద కూచోండి. గాలి నేరుగా లోపలికి పోవాల. చెయ్యి కదలకూడదు. కదిలితే పొడి అంతా లోపలికే పోతాది."

"ఎంతసేపు?"

"లాంచర్ తెరుచుకునేదాకా."

సుందరరాజన్ నేల మీద బాసింపట్టు వేసుకుని ఫ్యానును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. కదలలేదు. తెర మీద ఇప్పుడు ఒక్కటే పేరు మిగిలింది, పెరియసామిది. అది బతికే ఉందో, నిన్నటినుంచి ఇరుక్కుని అదీ చచ్చిందో తెలియదు. ప్రాసెసర్ అంకె దిగుతోంది, ఎక్కుతోంది, మళ్లీ దిగుతోంది. వాకిట్లో మోటారు సైకిల్ ఆగింది.

ప్రభాకరన్ చెప్పులు విడిచి లోపలికి వచ్చి గడపలోనే నిలిచిపోయాడు. కోవిల్‌పట్టి వైపు నల్లరేగడి పల్లెలో తెలుగు ఇంటివాడు, కోయంబత్తూరు వాళ్ల తెలుగును ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు. ఈసారి ఎగతాళి చెయ్యడం కూడా మరిచిపోయాడు.

"సుందరరాజన్ అన్నా కూచున్నాడా?" అన్నాడు పంకజవల్లితో మెల్లగా. "ఒంట్లో బాగులేదా వదినా?"

"బాగుండారు. కోడలు కూచోబెట్టింది" అని పంకజవల్లి స్టూలు చూపించింది. "వాంగ, ఉట్కారుంగ. కాఫీ తెస్తాను."

"కాఫీకి టైము లేదు వదినా. ఆ పక్క వీధిలో ఇంకో షాపు చూసి మధ్యాహ్నానికి ఫౌండ్రీకి పోవాల. బొమ్మ రెడీగా ఉంటే చూపించుండి, లేకపోతే ఇంకో రోజు..."

ఇంకో రోజు ఉండదని గదిలో అందరికీ తెలుసు. మధుమిత తెర వైపే చూస్తోంది. నొక్కాలని ఆమె వేలికి కూడా దురదగానే ఉంది. నొక్కలేదు.

"ప్రభాకరా" అన్నాడు సుందరరాజన్ తల తిప్పకుండా. "నేనే కూచోనుండా. నువ్వు కూచోలేవా?"

ప్రభాకరన్ ఒక్క క్షణం చూసి, నవ్వి, స్టూలు లాక్కున్నాడు. "మీరు కూచున్నదాన్ని చూడటానికే ఇంకొంచెం సేపు ఉండొచ్చు అన్నా" అని, "పండుగ బాగా జరిగిందా?" అన్నాడు. సుందరరాజన్ ఫ్యాను పట్టుకునే విజయదశమి కథంతా చెప్పాడు, వళ్లితో సహా. తన తొందర సంగతి దాచలేదు, పెరియసామి నొక్కు మాత్రం ఇంకా లోపలే ఉందని గట్టిగా చెప్పాడు. ప్రభాకరన్ నవ్వలేదు. వాళ్ల ఫౌండ్రీలో కూడా విజయదశమికి కొలిమి నుంచి మొదటి గరిటె పెద్ద చెయ్యే పోస్తుంది.

పెట్టెలో హోరు ఒక మెట్టు దిగింది. తర్వాత ఇంకో మెట్టు. తెర మధ్యలో ఏ శబ్దమూ లేకుండా ఆ చిన్న కిటికీ వచ్చి నిలిచింది. అందులో ఒక పచ్చ గీత మెల్లగా నిండుతోంది.

"వచ్చె" అంది మధుమిత గుసగుసగా. "పెరియసామి తాతది వచ్చె మామా."

కొయ్య గది తలుపులో పెరియసామి కనిపించాడు, రంపం పట్టుకునే. ఎవరూ రమ్మనలేదు.

బొమ్మ తెరుచుకుంది. మధుమిత పంపు బాడీని తిప్పి చూపించింది, మధ్యకు కోసి లోపలి గోడను చూపించింది. ప్రభాకరన్ స్టూలు ముందుకు జరుపుకున్నాడు. పంపు గొంతు మలుపులో గోడ మందం మీద వేలు పెట్టి, కుదింపుకు ఇది చాలుతుందా అని అడిగాడు. మధుమిత తాను వేసిన లెక్క చెప్పి, నేల మీది మామ వైపు చూసింది.

"ఆ మలుపులో ఇనుము నిదానంగా చల్లారుతాది" అన్నాడు సుందరరాజన్. "ఇంకొంచెం."

"ఆమా, ఇంకొంచెం" అన్నాడు తలుపు దగ్గరి పెరియసామి.

మధుమిత అక్కడే ఆ మలుపును ఇంకొంచెం పెంచింది. ప్రభాకరన్ మళ్లీ కోసి చూడమన్నాడు, మళ్లీ తిప్పమన్నాడు. చివరికి లేచి, "ఈ ఫైలు నాకు పంపమ్మా. కొయ్య మొదలుపెట్టుండి అన్నా. ఆ ఇంకో షాపుకు నేను పోవటం లేదు" అన్నాడు. గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ, "మీరు లేవొచ్చు అన్నా, పని అయిపోయె" అని నవ్వుతూ పోయాడు.

సుందరరాజన్ లేవలేదు. కాళ్లు తిమ్మిరెక్కాయి. పంకజవల్లి చెయ్యి ఇచ్చి లేపాల్సి వచ్చింది.

"ఫైలు పంపేసినా మామా" అంది మధుమిత. "మొదటి పని ముగిసె. ఇప్పుడు ఆపొచ్చా? పాపం, చాలా నడిచింది."

"నేను ఆపతా."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఎక్కడ నొక్కాలో కోడలు చూపించింది. ఒకసారి నొక్కాడు. వెంటనే చెయ్యి తీసి రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. నీలం వలయం తిరుగుతోంది. ఆయన పెదవులు కదులుతున్నాయి, కాలి వేలు నేల మీద టకటక కొట్టుకుంటోంది, కానీ చేతులు బయటికి రాలేదు. పెట్టెలో చప్పుడు సన్నబడి, ఇంకా సన్నబడి, ఆగిపోయింది. వీధిలో ఎవరో కొత్తిమీర అమ్ముకుంటూ పోవడం గదిలోకి వినిపించింది.

"పడుకునిందా?" అన్నాడు.

"పడుకునింది మామా."

ఆమె ఆ మాట ముగించేలోగా కుర్చీ ఖాళీ. కొయ్య గదిలోంచి పలకలు దొర్లుతున్న చప్పుడు, దానితో పాటు ఆయన గొంతు: "పెరియసామి అన్నా, ఆ మందం టేకు ఏడ పెడితివి? సీక్రం!"

పంకజవల్లి కిందికి వంగి, వాడిన మల్లెదండను, చందనం పెచ్చులను పట్టు గుడ్డలో మూటకట్టింది. "వచ్చే సంవత్సరం వీపుకు పెట్టనియ్యను" అంది కోడలితో.